క్రొత్త నిరక్షరాస్యతయు పాత గ్రంథాలయమును

1935వ సంవత్సరమున గుంటూరు జిల్లాలో ఒక పడవ పుస్తకములతో కాలువమీద బయలుదేరినది. కొల్లూరునకును పెదవడ్లపూడికిని నడుమ గట్టువెంబడి నున్న గ్రామములకు అది తిరుగుచుండెడిది. పాతూరి నాగభూషణముగారు నెలకొల్పిన ఆ పడవ గ్రంథాలయమును గురించి మన గ్రంథాలయోద్యమ చరిత్ర చెప్పువారందరును తప్పక చెప్పుదురు. చెప్పునప్పుడు దానినొక వింతగా చెప్పుదురు. నాకది వింతగా తోచదు. బాటలు సరిగా లేని డెల్టా గ్రామములకు ఆనాడు కాలువయే రాజమార్గము. చదువరి పుస్తకమున్న చోటికి రాలేనప్పుడు పుస్తకమే చదువరియున్న చోటికి పోవలెను. ఆ యూరికి ఏ వాహనము చేరునో ఆ వాహనము నెక్కియే పోవలెను. ఇంతకంటె తిన్నని ఆలోచన మరియొకటి లేదు.

ఆ పడవ నడచి తొంబది యేండ్లయినది. కాలువగట్లమీద తారురోడ్లు పడినవి. నేడు మనిషికిని విషయమునకును నడుమ అడ్డము నిలిచినది బాట లేమి కాదు. పరీక్షకు దరఖాస్తు పెట్టవలెనన్నను, హాల్ టిక్కెట్టు తీసికొనవలెనన్నను, పింఛను పడినదో లేదో చూచుకొనవలెనన్నను, పొలము వివరములు సరిచూచుకొనవలెనన్నను ఒక తెర యెదుట కూర్చుండవలసి యున్నది. ఆ తెర నెరిగినవారికిని ఎరుగనివారికిని నడుమ ఏర్పడిన దూరమునే డిజిటల్ డివైడ్ అనుచున్నారు. పత్రికలు దీనిని డిజిటల్ అంతరమనియు, డిజిటల్ అగాధమనియు వ్రాయుచున్నవి. అగాధమన్న మాటలో కొంత కవిత్వమున్నది గనుక నేను అంతరమనియే వాడుదును.

2019–21 నడుమ జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మీరెన్నడైనను ఇంటర్నెట్టు వాడితిరా అని యొక ప్రశ్న అడిగిరి. 15 మొదలు 49 ఏండ్ల వయసుగలవారిలో ఆంధ్రప్రదేశమున పురుషులు వందకు దాదాపు 49 మంది వాడితిమని చెప్పిరి; స్త్రీలు 21 మంది చెప్పిరి. తెలంగాణమున పురుషులు దాదాపు 58 మంది, స్త్రీలు 26 మందికి పైచిలుకు. ప్రశ్నలో ‘ఎన్నడైనను’ అను మాటను చదువరులు గమనింపవలెను. నిత్యము వాడుచున్నారా యని కాదు, జన్మమున నొకసారియైనను వాడితిరా యని. అయిదుగురు స్త్రీలలో నలుగురు లేదని చెప్పిన రాష్ట్రమున అదే సమయమునకు పాఠములు తెరమీదికి పోయినవి. 2020 మార్చిలో బడులు మూతపడినవి. తెలంగాణమున సెప్టెంబరు 1 నుండి దూరదర్శనములోను టీ-శాట్‌లోను పాఠములు ప్రారంభించిరి. అప్పటి సంగతి ఉపాధ్యాయులకు నేను చెప్పవలసినది లేదు. ఇంట నొక్కటే ఫోను; అది ప్రొద్దున తండ్రివెంట పనికి పోవును; సాయంకాలము అన్నగారి చేతికి వచ్చును; ఆడపిల్ల వంతు వచ్చునప్పటికి పాఠమును అయిపోవును, డేటాయు అయిపోవును.

ఆ తరువాత ఫోనులు పెరిగినవి. పల్లెలలో సయితము ఇంటికి రెండు మూడు కనబడుచున్నవి. దీనిని చూచి, ఇక అంతరమెక్కడిదని కొందరనుచున్నారు. ఫోను చేతికి వచ్చుటయు, దానిని చదువ వచ్చుటయు ఒకటి కావు. పలకకొని యిచ్చినంతమాత్రమున అక్షరములు రానట్లే ఇదియును. సినిమా పాటలు చూడగలవాడు, వంటల వీడియోలు చూడగలది, వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపగలవారు, దరఖాస్తు దగ్గరకు వచ్చుసరికి ఫోనును ఇంకొకరి చేతిలో పెట్టుచున్నారు. పూర్వము ప్రామిసరీ నోటులో ఏమి వ్రాసియున్నదో చదువలేనివాడు వేలిముద్ర వేసెడివాడు. నేడు ఫోనునకు వచ్చిన ఆరంకెల ఓటీపీని, అది దేనికో తెలియకయే, ఎదుటివానికి పైకి చదివి వినిపించుచున్నాడు. ఈ రెంటికిని భేదమేమి? వేలిముద్రకు సిరా యంటెడిది, అంతే.

మా కళాశాలలో ఇంటర్మీడియటు చదివిన యొక బాలికకు ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకే వచ్చినది. కౌన్సెలింగునకు కళాశాలల ఐచ్ఛికములను ఇంటర్నెట్టు ద్వారమున వరుసక్రమమున పెట్టవలెను. ఆ వరుసయే ప్రాణము. ర్యాంకునకు దొరకగల కళాశాలలలో మీరు పైన వ్రాసిన దేదో అదియే మీకు వచ్చును. దాని క్రింద వ్రాసినవాటి వంక యంత్రము చూడనైనను చూడదు. ఆ పిల్ల తండ్రి బస్టాండు ప్రక్కనున్న ఒక దుకాణమున నూరు రూపాయలిచ్చి ఆ పని చేయించెను. దుకాణదారు తనకు తోచిన వరుసలో పెట్టెను. ఇంటికి పది మైళ్ళలో నున్న కళాశాల క్రిందికి పోయినది, మూడువందల మైళ్ళ దూరమునున్నది పైకి వచ్చినది, అదియే దక్కినది. ఆడపిల్లను అంత దూరము పంపమని యింటివారు చదువు మాన్పించిరి. ఆ దుకాణదారును దూషించి లాభము లేదు. అతడు దినమునకు నూరుమంది పని చేయువాడు, ఒక్కొక్కరికి పది నిమిషములిచ్చువాడు. ఆ తండ్రికి కావలసినది తన పనిని చేసిపెట్టువాడు కాదు. ప్రక్కన కూర్చుండి, ఇది యిట్లు పెట్టిన ఇట్లగును, మీరే ఆలోచించుకొనుడు అని చెప్పువాడు. అట్టి మనిషి మన పట్టణములలో ఎచ్చట దొరకును?

ఒకప్పుడు దొరకెడివాడు. అతనిని గ్రంథాలయమందే వెదకెడివారు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సభచేసి సంఘముగా నేర్పడిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ సంఘమునకు కాలును చేయియు నైరి; గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు దానికి పెద్దదిక్కైరి. ఈ చరిత్ర పాఠ్యపుస్తకములలో నున్నది గనుక విస్తరింపను. అందులో నాకు ముఖ్యముగా తోచున దొక్కటే. హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకెంత పాటుపడిరో వయోజన విద్యకును అంతయే పాటుపడిరి. ఆయన దృష్టిలో అవి రెండు పనులు కావు. నూటికి తొంబదిమంది చదువురానివారున్న దేశమున పుస్తకముల బీరువా తెచ్చి నిలిపిన నేమి ప్రయోజనము? అందుచేత గ్రంథాలయములవారు రాత్రిబడులు పెట్టిరి. సాయంకాలము పత్రిక వచ్చినపుడు ఒకడు పైకి చదువుచుండ పదిమంది చుట్టును చేరి వినెడివారు. గ్రంథాలయయాత్రలు చేయుచు ఊరూర తిరిగిరి. పుస్తకము వారికి సాధనమే. దానిని మనిషికి చేర్చు మనిషియే గ్రంథాలయమని వారు నమ్మిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ యుద్యమమును ప్రభుత్వము చేపట్టినది. మద్రాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను గ్రంథాలయ చట్టములు వచ్చినవి. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దానిక్రింద శాఖలు ఏర్పడినవి. లాభము జరుగలేదనను. కాని ఉద్యమమున నున్న మనిషి క్రమముగా ఉద్యోగియై, ఆ యుద్యోగి పదవీ విరమణ చేసిన పిమ్మట ఖాళీయై మిగిలెను. శాఖా గ్రంథాలయములలో అనేకము నేడు అరకొర సిబ్బందితో నడచుచున్నవి. తాళము తీయుట, పత్రికలు పరచుట, తాళము వేయుట: ఈ మూడు పనులకే ఒకరు చాలక చాలుచున్నారు.

అయినను జనము గ్రంథాలయమును విడువలేదు. సందేహమున్నవారు హైదరాబాదులోని చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూడవచ్చును. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులతో ఆ ప్రాంగణము నిండియుండును. వారిలో పలువురు తమ పుస్తకములు తామే తెచ్చుకొందురు, తమ ఫోనులు తామే తెచ్చుకొందురు. మరి గ్రంథాలయము వారికిచ్చున దేమి? ఒక కుర్చీ, ఒక దీపము, ఒక పంకా, తనవంటి వానివే మరి నూరు ముఖములు. అద్దెగదిలో నలుగురితో నుండువానికి ఇది చిన్న దానము కాదు. ఎందుకు వచ్చితివని యడుగని చోటు, ఏమియు కొనకయే కూర్చుండదగిన చోటు పట్టణమున మరియెక్కడ కలదు? దేవాలయమొకటి కలదు, అక్కడ చదువుకొననీయరు.

కంప్యూటరులును రాకపోలేదు. ఒక పట్టణపు గ్రంథాలయములో నాలుగు కంప్యూటరులు పూలగుడ్డలు కప్పుకొని యుండగా చూచితిని. ఏల వాడరని యడుగగా, లోపలికి పోవుటకు సంకేతపదము తెలిసిన యుద్యోగి బదిలీయై పోయెనని చెప్పిరి. నవ్వవలసిన సంగతియే. కాని ఆ గుడ్డలు మాత్రము ఉతికి, ఇస్త్రీచేసి, చక్కగా కప్పియున్నవి. శ్రద్ధ లేకపోలేదు; ఆ శ్రద్ధకు దారి చూపువారు లేకపోయిరి. యంత్రమునకు టెండరు పిలిచినవారు మనిషికి శిక్షణ యిచ్చుట మరచిరి.

తెలుగు బోధించువాడను గనుక నా కంటికి మొదట కనబడునట్టి మరియొక అంతరమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్‌రెడ్డిగారు, పదిలక్షల పుస్తకములను డిజిటల్ రూపమున నిలుపవలెనను సంకల్పమునకు నాయకులలో నొకరు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీయు అందు పాల్గొన్నవి. ఆ ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’లో తెలుగు పుస్తకములు వేలకొలది చేరినవి. తరువాత దాని మూలస్థానము మూతపడినను ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరకుచున్నవి. మా చిన్ననాట ఏ పుస్తకముకొరకు వేటపాలెము సారస్వత నికేతనమునకు రైలెక్కి పోవలసి వచ్చెడిదో అది నేడు పాడేరు విద్యార్థి చేతిలో తెరచుకొనును. ఇది మహోపకారము.

కాని తెరచుకొనవలెనన్న ముందు కనబడవలెను గదా! ఆ పుస్తకముల పేర్లను ఆంగ్లాక్షరములలో, ఎవరికి తోచినట్లు వారు నమోదు చేసిరి. ‘శృంగారము’ ఒకచోట స్రుంగారమైనది, ఒకచోట ష్రింగారమైనది, వేరొకచోట శ్రంగారమైనది. గ్రంథకర్త ఇంటిపేరు పుస్తకపు పేరులో కలిసిపోయినది; సంపుటముల సంఖ్యలు తారుమారైనవి. తెలుగులో పేరు వ్రాసి వెదకిన విద్యార్థికి లేదని జవాబు వచ్చును. ఉన్న పుస్తకము లేదనిపించుకొనుటకంటె దరిద్రము వేరొకటి కలదా? బీరువాలో తప్పు అరలో పెట్టిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానమని ప్రతి గ్రంథపాలకునకును తెలియును. ఇచ్చట బీరువాలే వేలు.

లోపలి సంగతియు నట్లే యున్నది. ఆ పుటలు బొమ్మలు. అందలి అక్షరములను యంత్రము అక్షరములుగా గుర్తించిననే లోపల వెదకుట సాధ్యమగును. తెలుగు లిపిలో గుణింతములు పైకి పోవును, ఒత్తులు క్రిందికి దిగును. పాత ముద్రణలలో వలపలగిలకయు, అరసున్నయు, బండిరకారమును ఉండును. యంత్రము తడబడును. ఇటీవల ఈ విద్య చాల మెరుగుపడినదిగాని మనుష్యుడు సరిచూడక తప్పదు. తెలుగు వికీసోర్సులో కొందరు స్వచ్ఛందముగా ఒక ప్రక్క పుటను, ఒక ప్రక్క అక్షరపాఠమును పెట్టుకొని తప్పులు దిద్దుచున్నారు. ఏ జీతమును లేదు. తెలుగు ఎం.ఏ. చదువు విద్యార్థులు ఏటేట వ్రాయుచున్న ప్రాజెక్టు వ్యాసములలో సగము మాని ఈ దిద్దుబాటు చేసిన భాషకు ఎక్కువ మేలగునని నా యభిప్రాయము. నా తోడి అధ్యాపకులలో కొందరికి ఈ మాట రుచింపదు. జిల్లా గ్రంథాలయములు తమ యొద్దనున్న పాత తెలుగు పుస్తకముల జాబితాలనైన తెలుగు అక్షరములలో సరిగా తయారుచేసి అందరికిని అందుబాటులో నుంచినచో సగము పని యైనట్లే.

డిజిటల్ రూపము నిజముగా క్రొత్త ద్వారమును తెరచినది చూపులేనివారికి. అచ్చుపుస్తకము వారికి మూసిన పెట్టె. అక్షరరూపమున నున్న పాఠమును కంప్యూటరు తెలుగులో పైకి చదివి వినిపింపగలదు. అట్టివారికొరకు పుస్తకములను వేరు రూపమునకు మార్చుకొనుటకు హక్కుదారు అనుమతి యక్కరలేదని మన దేశము 2012లో కాపీరైటు చట్టమును సవరించినది. మర్రకేష్ ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందు ఆమోదించినది. 2016లో సుగమ్య పుస్తకాలయమను ఆన్‌లైను గ్రంథాలయము వెలసినది. ఈ సంగతి ఎరిగిన శాఖా గ్రంథాలయము లెన్ని? ఒక కంప్యూటరు, ఒక చెవియంత్రము, ఒక శిక్షితుడు చాలును. ఖర్చుకంటె ఎరుక ముఖ్యము.

ఇక ఇంటర్నెట్టు సరిగా అందని యూళ్ళ మాట. ఇచ్చటనే నాకు పాతూరివారి పడవ జ్ఞాపకము వచ్చుచున్నది. అరచేతిలో పట్టు చిన్న కంప్యూటరు నొకదానిని తీసికొని అందులో తెలుగు వికీపీడియాను, వికీసోర్సును, పాఠముల వీడియోలను ముందే నింపి యుంచవచ్చును. ‘కివిక్స్’ అను ఉచిత సాధనము ఇందుకే పుట్టినది. గదిలో దానిని పెట్టి విద్యుత్తు నిచ్చినచో చుట్టునున్న ఫోనులన్నియు డేటా ఖర్చు లేకయే, బయటి ఇంటర్నెట్టు లేకయే దానినుండి చదువుకొనగలవు. నెలకొకసారి పట్టణమునకు తెచ్చి క్రొత్త సరకు నింపుకొని పోవచ్చును. నీటిమీద పోయిన పుస్తకముల పెట్టె జేబులో పోవుచున్నది, అంతియే భేదము. మన్యములో, నల్లమలలో, ఆదిలాబాదు కొండలలో ఒక్కొక్క బడికి, ఒక్కొక్క శాఖా గ్రంథాలయమునకు ఇట్టిది నిలుపుట పెద్ద ప్రణాళిక కాదు. అమెరికా వంటి సంపన్న దేశమును ఇంటర్నెట్టును గ్రంథాలయముగుండనే పేదలకు చేర్చినది. 1996 నాటి చట్టముతో బడులకును గ్రంథాలయములకును తక్కువ ధరకు అందజేసిరి. 2015లో న్యూయార్కు గ్రంథాలయములు వై-ఫై పరికరములను పుస్తకమువలెనే ఇంటికి అరువిచ్చినవి.

ఈ పనులకు మీసేవా కేంద్రములున్నవి, గ్రామ సచివాలయములున్నవి, గ్రంథాలయమేలయని యడుగవచ్చును. ఆ కార్యాలయములు మన పనిని చేసిపెట్టును; అది వాని ధర్మము, అందు లోపము లేదు. మరునాడు ఇంకొక పని పడినపుడు మరల పోవలసినదే. గ్రంథాలయము చేయవలసినది వేరు. అచ్చటివాడు నేర్పువాడు. అందుకొక చిన్న నియమము పెట్టుకొనిన చాలునని నాకు తోచుచున్నది: నేర్పువాడు ఎదుటివారి ఫోనును తాకరాదు. ఫోను అవ్వ చేతిలోనే యుండవలెను. వ్రేలు అవ్వదే కదలవలెను. ఆలస్యమగును. కానిండు. పలకమీద అక్షరము దిద్దించునపుడు చేయి పట్టుకొందుముగాని మనమే వ్రాసి చూపి పంపివేయము గదా.

ఇందుకు ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయదగిన దున్నది. శాఖా గ్రంథాలయములకు వారపు సెలవు శుక్రవారము, ఆదివారము తెరచియుండును. తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురు వంతులవారీగా ఆదివారము రెండు గంటలు అచ్చట కూర్చుండి, వచ్చినవారికి ఫోనులో తెలుగున వ్రాయుట, దరఖాస్తు చదువుట, ఓటీపీ ఎవరికి చెప్పరాదో తెలిసికొనుట నేర్పవచ్చును. రాత్రిబడులు నడపినవారును పలువురు యువకులే. పిల్లలకు కొమ్మచ్చులాటవలె వచ్చిన విద్య పెద్దలకు గండముగా నున్నది. ఆ పెద్దలు తమ తాతలు, అమ్మమ్మలే.

మరి సొమ్ము? దానినిగూర్చియు తెలిసికొనదగిన దొకటి కలదు. మీ యింటిపన్ను రసీదు తీసి చూడుడు. అందు గ్రంథాలయ పన్ను అని వేరుగా నొక పంక్తి యుండును. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున అది మనమందరమును కట్టుచున్నదే. పంచాయతీయు, పురపాలక సంఘమును దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. జమ కాక పేరుకొనిన బకాయిలను గూర్చి గ్రంథాలయ సంస్థలవారు ఏటేట మొరపెట్టుకొనుచునే యున్నారు. ఎనిమిదవ తరగతి గణితమున శాతముల పాఠము చెప్పునపుడు ఇంటింటి రసీదులు తెప్పించి, తమ యూరివారు సంవత్సరమునకు గ్రంథాలయమునకై ఎంత కట్టుచున్నారో పిల్లలచేత లెక్క కట్టించవచ్చును. ఆ మొత్తమును కాగితముమీద వ్రాసి, ఇందెంత జమయైనదని పంచాయతీ కార్యాలయమునకు సమాచారహక్కు చట్టము క్రింద ఒక దరఖాస్తు పెట్టుట ఎట్లో, గ్రంథాలయపు బల్లదగ్గర కూర్చుండి ఫోనులోనే నేర్పవచ్చును.